ఎవరినడిగి రాసినావు?

"ఎవరినడిగి రాసినావురా ఇవన్నీ?" అంది పెద్దమ్మ, ఆకుమందుల గురించి తమ్ముడు రాసుకున్న నోటుబుక్కు తిరగేస్తూ. శ్రీకాళహస్తి చుట్టుపక్కల యానాది గిరిజనుల కాలనీల్లో ఏళ్ళ తరబడి నర్సుగా తిరిగిన మనిషి ఆమె. వాడు తిరుపతిలో మొక్కల మీద పరిశోధన చేస్తున్నాడు. చిత్తూరు జిల్లా గిరిజన వైద్యం మీద 1997లో ఎస్. వేదవతి గారు మరికొందరితో కలిసి తెచ్చిన పుస్తకం వాడి సంచిలో ఎప్పుడూ ఉంటుంది.

"వైద్యం చేసేవాళ్ళనే పెద్దమ్మా. ఎవరినడిగినా వాళ్ళ ఇళ్ళే చూపించినారు."

"అందరూ మగోళ్ళే."

"మందిచ్చేది వాళ్ళే కదా. ఆడవాళ్ళను అడిగితే మాకేం తెలుసు సామీ అన్నారు."

"కాన్పయిన పిల్లకు వావిలాకు నీళ్ళు కాచేదెవరు? ఆకు సారం దిగి నీళ్ళ రంగు మారేదాకా మరగనిస్తారు. చెయ్యి పెట్టి వేడి చూసి, ముందు నడుముకు పోస్తారు. పాలు పడకపోతే పిల్లిపీచర గడ్డ తవ్వితెచ్చి దంచేదెవరు? చెంచలాకు ఏ గట్టున మొలుస్తుందో, గురుగాకును వెన్ను తీయకముందే ఎందుకు గిల్లాలో ఎవరికి తెలుసు? పసరు పిండితే వైద్యం, ఎసట్లో వేస్తే వంట. అంతేనా నీ లెక్క?"

ఇక్కడ నేను పెద్దమ్మ పక్షం. తేనెకూ వేటకూ పోయే మగవాళ్ళకు లోపలి కొండ తెలుసు. కట్టెలకూ గడ్డలకూ కూరాకుకూ తిరిగే ఆడవాళ్ళకు కొండ అంచు, చెరువుకట్ట, చేను గట్టు తెలుసు. ఎవరు ఏ పనికి పోతే ఆ పని వెంటే మొక్కల తెలివీ పోతుంది. ఆ మాటే అన్నాను.

"అట్లయితే పని మారితే తెలివీ మారాల కదా?" అన్నాడు తమ్ముడు.

"మారింది. శ్రీహరికోట దీవిలో యానాదులు చిరివేరు తవ్వి సర్కారుకు ఇచ్చేవాళ్ళు. 1969లో ఆ చోటును రాకెట్ల కోసం ఎంచినాక ఊళ్ళే లేచిపోయినాయి. ఇక కాన్పులంటావా, వాటిని ఆస్పత్రికి మార్చినవాళ్ళలో నేనూ ఉన్నా. తల్లులు బతకాలంటే మార్చాల్సిందే. మంత్రసాని పని పోయింది, ఆ పనితోపాటు ఆకుల పేర్లూ పోయినాయి. కామెర్ల మందు ఇచ్చేవాడికి ఇంకా గిరాకీ ఉంది, అందుకే నీ నోటుబుక్కులోకి వచ్చినాడు."

తమ్ముడు కేరళ సంగతి ఎత్తాడు. 1987లో అగస్త్య కొండల్లో ఆరోగ్యపచ్చ మొక్క సంగతి శాస్త్రవేత్తలకు తెలిసింది, దారి చూపడానికి వెంటవచ్చిన కాణి తెగ మగవాళ్ళ దగ్గర. దాంతో 'జీవని' మందు వచ్చింది, కాణిలకు అందులో వాటా దక్కింది. అది న్యాయమే. దారి చూపడానికి ఆడవాళ్ళను పిలిచి ఉంటే ఏ మొక్క బయటికి వచ్చేదో?

"ఇప్పుడు చట్టం ఉంది పెద్దమ్మా. 2002 జీవవైవిధ్య చట్టం కింద ఊరూరా ఈ తెలివినంతా రిజిస్టరులో రాయాల. అది రాసే ఊరి కమిటీలో మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్ళుండాలని 2004 నియమాల్లోనే పెట్టినారు."

"కుర్చీ వేస్తే నోరు తెరుస్తారా? వైద్యుడి గుట్టు వేరు, వీళ్ళ గుట్టు వేరు. చెబితే మందు పారదంటాడు ఆయన, కొడుక్కి మాత్రం చెబుతాడు. ఆ గుట్టే ఆయనకు పరపతి. నెల తప్పినదానికీ, ఇంక బిడ్డలొద్దనుకున్నదానికీ వీళ్ళు ఇచ్చుకునే మందులు మొగుళ్ళ చెవిన పడితే కొంపలంటుకుంటాయి. మాకేం తెలుసు సామీ అన్నది తెలియక కాదురా."

"అయితే రాయకూడదా?"

"చెప్పిన ఆడమనిషి రాయమన్నది ఆమె పేరుతోనే రాయి. వద్దన్నది వదిలెయ్."

"వదిలేస్తే ఆమెతోనే పోతుంది."

"కూతురికి చెప్పుకుంటుంది."

"కూతురు శ్రీసిటీలో ఫ్యాక్టరీకి పోతావుంది పెద్దమ్మా. అడవి మొహం చూసి ఎన్నాళ్ళయిందో."

పెద్దమ్మ కాసేపు ఆలోచించింది. "చదువుకున్న పిల్లే కదా? సెలవు రోజు చూసుకొని ఆ పిల్లనే వాళ్ళమ్మ దగ్గర కూర్చోబెట్టు. నోటుబుక్కు ఆ పిల్ల చేతికియ్యి. ఏది రాయాలో, ఏది తమ మధ్యే పెట్టుకోవాలో ఆ తల్లీకూతుళ్ళు చూసుకుంటారు. నువ్వు బయట వేపచెట్టు కింద కూర్చో."