ఎల్లవ్వ గీసిన గీత

చెరువుకట్ట కింద ఒక పట్నం ఉండేది. మిట్ట మీద పై పేట, పల్లంలో కింది పేట. పై పేటలో బట్టల దుకాణాలవాళ్ళు, వడ్డీ వ్యాపారులు. కింది పేటలో నేతగాళ్ళు, కుమ్మర్లు, వీధులు ఊడ్చేవాళ్ళు. అయిదేళ్ళకోసారి ఆ పట్నం తన పెద్దను తానే ఎన్నుకునేది. రావిచెట్టు గద్దె మీద పోటీదార్ల పేరున ఒక్కో కుండ పెట్టేవాళ్ళు. ఆడా మగా ఎవరైనా సరే, మనిషికొక చింతగింజ. గింజలు ఎక్కువ పడ్డ కుండ ఎవరిదైతే పన్నుల పెట్టె, లెక్కల పుస్తకం వాళ్ళ ఇంటికి చేరేవి.

పై పేట పెద్దమనిషి వరసగా మూడుసార్లు గెలిచాడు. మొదటిసారి పట్నం మొదట్లో రాతి కమాను కట్టించాడు. రెండోసారి బజారు నడుమ దీపస్తంభం నిలబెట్టాడు. మూడోసారి కమానుకు రంగులు వేయించాడు. చెడ్డవాడేం కాదు. పెళ్ళికి పిలిస్తే వచ్చేవాడు, చావుకు పిలవకపోయినా వచ్చేవాడు.

ఏటా భాద్రపదంలో చెరువు నిండి మత్తడి దూకేది. ఆ నీళ్ళు వాగులో కలవడానికి తాతలనాటి కాలువ ఒకటి ఉంది. ఇరవై అడుగుల వెడల్పుండే ఆ కాలువ మీదికి పై పేట దుకాణాలు అరుగు తర్వాత అరుగుగా జరిగి జరిగి, చివరికి ఆరడుగులు మిగిల్చాయి. నీటికి దారి కావాలి గనక అది కింది పేట ఇళ్ళలోంచి పోయేది. పెద్దమనిషి పడవ కట్టించుకుని వచ్చి, మనిషికి రెండు సేర్ల బియ్యం, ఇంటికొక దుప్పటి పంచేవాడు. మోకాటి లోతు నీళ్ళలో నిలబడి జనం ఆయనకు దండం పెట్టేవాళ్ళు.

ఆ పట్నం నీరటి కూతురు ఎల్లవ్వ. తండ్రి వెంట తిరిగి తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ వీధి ఏ వైపు వాలి ఉందో చిన్ననాడే నేర్చుకుంది. నీళ్ళు తీసిన మర్నాడు ఒక చిప్పలో జాజు కలుపుకుని, ఇల్లిల్లూ తిరిగి, గోడ మీద నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో అక్కడ గీత గీసేది.

"ఏందక్కా, గోడ ఖరాబు చేస్తున్నవ్?" అని పిల్లలు అడిగేవాళ్ళు.

"మల్లా ఏడాదికి మనకు యాదికుండదు తమ్మీ. ఈడ రాసి పెడుతున్న."

ఒక ఏడు ఎల్లవ్వ కూడా గద్దె మీద కుండ పెట్టింది. నలుగురి ముందు నిలబడి మూడు మాటలు చెప్పింది. కాలువను మళ్ళీ ఇరవై అడుగులు చేస్తానంది. ఊడ్చేవాళ్ళ కూలి నెల మొదటి రోజునే ఇస్తానంది. ప్రతి అమావాస్య రాత్రి ఇదే చెట్టు కింద పుస్తకం తెరిచి, వచ్చిన పైస, పోయిన పైస అందరికీ వినిపిస్తానంది. తూము తిప్పేవాళ్ళ ఆడపిల్లకు పట్నం పెత్తనమా అన్నారు పై పేటలో. కింది పేటలోనూ కొందరు ఆ మాటే అన్నారు. ముందురోజు రాత్రి దుప్పట్లు వచ్చాయి, కల్లు కుండలు వచ్చాయి. ఎల్లవ్వ ఓడిపోయింది.

ఆ ఏటి వానకు కట్ట ఒక పక్క తెగింది. కింది పేటలో గుంట మగ్గాలన్నీ మునిగాయి. గుంటలోకి నీరు దిగితే పడుగు కుళ్ళుతుంది, నెలల పని ఒక్క రాత్రిలో పోతుంది. ఒక ముసలి నేతగాడు బురదలో కూర్చుని, తన గోడ మీది గీతలు చూసుకుంటూ లెక్క కట్టాడు. పన్నెండేళ్ళలో తనకు అందిన దుప్పట్లు, బియ్యం ఒక వైపు. మునిగిన పడుగులు, విరిగిన మగ్గం, జ్వరంతో పోయిన మనవడు ఇంకో వైపు. ఆ లెక్కను కులపోళ్ళ ముందు ఒక్కసారే చదివాడు. ఎవరూ మారు మాట్లాడలేదు.

మలిసారి ఎల్లవ్వ గెలిచింది, గుప్పెడు గింజల తేడాతో.

గెలిచాక ఆమెకు సుఖం లేదు. కాలువ మీది అరుగులు తీయించడం మొదలుపెట్టి ముందుగా తన మేనమామ అరుగే తీయించింది. ఆయన అప్పటినుంచి ఆమె గడప తొక్కలేదు. రెండేళ్ళు పట్నమంతా మట్టికుప్పలు. పుస్తకం చదివే రాత్రి మొదట్లో పాతికమంది వచ్చి ఆవులించి పోయారు. నాలుగో అమావాస్యకు ఊడ్చే మనిషి ఒకామె లేచి, దీపస్తంభం నూనెకు ఇంత ఖర్చు ఎట్లయిందని అడిగింది. ఎల్లవ్వకు జవాబు తెలియలేదు. మరుసటి నెలకు కనుక్కుని వచ్చి, నూనె ఎవరు తింటున్నారో పేరుతో సహా చెప్పింది. ఆ తర్వాత చెట్టు కింద చోటు చాలలేదు.

మూడో ఏడు భాద్రపదంలో మత్తడి దూకింది. నీళ్ళు కాలువ వెంట వాగులోకి పోయాయి. పడవ రాలేదు, దుప్పటి రాలేదు. ఎల్లవ్వ జాజు కలుపుకోలేదు. ఆ ఏడే కాదు, ఆ తర్వాత రెండేళ్ళూ అంతే. కింది పేటవాళ్ళు పండక్కి సున్నాలు వేసుకున్నారు. గోడల మీది గీతలు పోయాయి.

మళ్ళీ కుండలు పెట్టే రోజు వచ్చింది. "ఎల్లవ్వ ఏం చేసింది? ఒక్క కమానన్నా కట్టిందా? అయిదేండ్లల్ల ఏం జరగలే గదా" అన్నారు జనం. జరగకుండా చూడటమే ఆమె చేసిన పని. కానీ జరగనిదాన్ని ఎవరికి చూపిస్తుంది? పెద్దమనిషి కొడుకు గెలిచాడు.

తర్వాతి అమావాస్యకు చాటింపు వేయలేదు. అయినా చీకటి పడేసరికి దీపాలు పట్టుకుని జనం ఒక్కొక్కరే చెట్టు కిందికి వచ్చారు. కొత్త పెద్ద కంగారుపడి వచ్చి ఏం కావాలన్నాడు.

"పుస్తకం ఏది బిడ్డా?" అంది నూనె సంగతి అడిగిన మనిషి.

"ఇంట్ల ఉన్నది."

"పోయి తీస్కరా. మేం కూసుంటం."

రెండో జాము దాటినా కదలలేదు వాళ్ళు. చివరికి పుస్తకం వచ్చింది. ఎల్లవ్వను చదవమన్నారెవరో. వెనక వరసలోంచి ఆమె, "నేను గాదు, ఆయన చదవాలె" అంది. ఆయన చదివాడు. కాలువ పూడికతీత దగ్గర ఖర్చేమీ లేదని చదివినప్పుడు జనంలో గుసగుస లేచింది. తెల్లారి నలభై పారలు కాలువలోకి దిగాయి.

*

ఈ కథలోని నీతి: పట్నానికి మేలు చేసే మనిషిని ఎన్నుకోవాలంటే, మనకు ఏమిస్తారని చూడకూడదు, లెక్కలు మన ముందు విప్పుతారా అని చూడాలి. అట్లాంటి మనిషిని ఒక్కసారి గెలిపించినా, ఆ తర్వాత వాళ్ళు ఓడినా, అడిగే అలవాటు ఊళ్ళో మిగులుతుంది.

ఇది కథ కోసం చెప్పిన మాట కాదు. హైదరాబాదులో కింది పేటలు చాలా ఉన్నాయి. 2000 ఆగస్టు వరదల తర్వాత నాలాల మీద అధ్యయనం కిర్లోస్కర్ సంస్థకు అప్పగిస్తే, ఆక్రమణలు తీసి నాలాలు వెడల్పు చేయాలని 2003లో నివేదిక వచ్చింది. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కొన్నిచోట్ల వాన ఒక్కరోజులో 30 సెంటీమీటర్లు దాటేనాటికి ఆ పని ఎక్కువభాగం కాగితం మీదే ఉంది. ఆ వారంలోనే బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబానగర్ మునిగింది. ఇంటికి 10,000 రూపాయల సాయం ప్రకటించారు. కార్పొరేషన్ ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక రాష్ట్ర ఎన్నికల సంఘం ఆ పంపిణీని ఆపించింది. మునిగిన ఇంటివాళ్ళు ఆ డబ్బు తీసుకోవడంలో తప్పు వెతకడం అన్యాయం. అది వాళ్ళ హక్కు. తప్పంతా పదిహేడేళ్ళు ఆ నివేదికను పక్కనపెట్టిన వాళ్ళది, పక్కనపెట్టారని తెలిసీ అడగని మనందరిది.

వరద తగ్గిన ఆరేడు వారాలకు, డిసెంబరు 1న 150 వార్డులకు ఓటింగ్ జరిగింది. ప్రచారంలో నగరం పేరు మార్చడం గురించి, దేశభద్రత గురించి పెద్ద గొంతులు వినిపించాయి. ఆ రెండూ కార్పొరేటర్ చేతిలో లేనివే. ఓటేసినవాళ్ళు సుమారు 46 శాతం. అంతకుముందు 2016లో 45, 2009లో 42. మూడు ఎన్నికల్లోనూ సగానికి పైగా ఓటర్ల గింజ కుండలో పడనే లేదు.

కార్పొరేటర్ చేతిలో ఏముందో ముందు తెలుసుకోవాలి. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 18 అంశాలను పన్నెండో షెడ్యూల్లో పెట్టి, వాటిని నగరపాలక సంస్థలకు అప్పగించవచ్చని రాష్ట్రాలకు చెప్పింది. అప్పగించవచ్చన్నదే గాని అప్పగించి తీరాలనలేదు. అందుకే హైదరాబాదులో తాగునీరు, మురుగునీరు జలమండలి కింద, నగర ప్రణాళికలో పెద్ద భాగం మహానగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ కింద ఉన్నాయి. కార్పొరేషన్లో కార్యనిర్వహణ అధికారం ప్రభుత్వం నియమించే కమిషనర్‌ది. ఇంత చిన్న చేతులతో ఏం చేస్తామని కార్పొరేటర్లు అంటుంటారు. అందులో కొంత నిజముంది. కానీ చెత్త, వీధి దీపాలు, వాననీటి నాలాలు, పార్కులు, ఆస్తిపన్ను కార్పొరేషన్వే. కౌన్సిల్లో లేచి అడిగే గొంతు కార్పొరేటర్‌దే. ఆ గొంతు కూడా లేకపోతే ఏమవుతుందో విశాఖపట్నంవాళ్ళకు తెలుసు. 2012లో అక్కడి పాలకమండలి గడువు ముగిస్తే మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. తొమ్మిదేళ్ళు ఆ మహానగరాన్ని అధికారులే నడిపారు. అయిదేళ్ళ గడువు తీరకముందే ఎన్నికలు జరపాలన్న రాజ్యాంగపు మాట అక్కడ అక్షరాల్లోనే మిగిలింది.

అభ్యుదయ అభ్యర్థి అని నేను ఎవరిని అంటానంటే, నగరాన్ని దాని పల్లం నుంచి చూసేవాళ్ళను. ఏ జెండా పట్టుకున్నారన్నది నాకు రెండో ప్రశ్న. చిలకలగూడను తలచుకోండి. 1950ల మొదట్లో అక్కడ కౌన్సిలర్‌గా గెలిచిన ఈశ్వరీబాయి దళిత మహిళ, ఒంటరిగా బిడ్డను పెంచుకున్న టీచరు. బస్తీల నీళ్ళు, బడి, ఆడవాళ్ళ గోడు ఆమె రాజకీయమయ్యాయి. తర్వాత ఎల్లారెడ్డి నియోజకవర్గం నుంచి రెండుసార్లు శాసనసభకు వెళ్ళినా, ఆమె రాజకీయానికి తొలి బడి ఆ వార్డే. దూరదేశంలో అమెరికా మిల్వాకీ నగరం 1910లో ఎమిల్ సైడెల్‌ను, 1916 నుంచి 24 ఏళ్ళపాటు డానియల్ హోన్‌ను మేయర్లుగా ఎన్నుకుంది. ఇద్దరూ సోషలిస్టులే. విప్లవం మానేసి మురుగుకాలువల గురించి మాట్లాడతారని సొంత పార్టీ పెద్దలే వాళ్ళను ఎగతాళి చేశారు. మిల్వాకీ కార్మికవాడలు మాత్రం వాళ్ళకే మళ్ళీ మళ్ళీ ఓటేశాయి.

అందుకే అభ్యర్థి గల్లీలోకి వచ్చినప్పుడు కొన్ని సంగతులు అడగాలని నా కోరిక. తెల్లవారకముందే మన వీధి ఊడ్చే ఆమెకు జీతం ఎవరిస్తారు, ఏ తారీఖున అందుతుంది? 2015 జూలైలో గ్రేటర్ హైదరాబాదు పారిశుధ్య కార్మికులు చీపుర్లు కిందపెట్టి సమ్మె చేసిన రోజుల్లోనే వాళ్ళ జీతం 8,500 నుంచి 12,500 రూపాయలయింది. ఆనాడు వాళ్ళ పక్కన నిలబడ్డ నాయకులు మీకెవరైనా గుర్తున్నారా? ఇంకొకటి. తెలుగు రాష్ట్రాల పట్టణాల్లో సగం సీట్లు ఆడవాళ్ళవి. చాలా వార్డుల్లో గెలిచింది ఆమె, ఫోన్ ఎత్తేది ఆమె భర్త. ప్రచారానికి వచ్చినప్పుడు మాట్లాడనివ్వాల్సింది ఆమెనే. ఆయన అడ్డం వస్తే, "అన్నా, కాసేపాగు, అక్కను చెప్పనీ" అనడానికి మొహమాటం ఎందుకు?

అమావాస్య పుస్తకం కూడా మన చట్టంలో ఉంది. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం చెప్పింది. మీ వార్డు కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో అభ్యర్థిని అడగండి. పోయిన అయిదేళ్ళలో మీ వార్డులో ఏ పనికి ఎంత ఖర్చయిందో సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో ఒక దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. నోటిఫికేషన్ రాకముందే ఆ దరఖాస్తు పెట్టండి. జాబితా వచ్చాక కాగితం మీద పూర్తయిన నాలా గోడ నిజంగా ఉందో లేదో పల్లపు వీధుల్లో నడిచి చూడండి. ఓటడగడానికి వచ్చినవాళ్ళను కూడా ఆ దారినే వెంటబెట్టుకుని నడిపించండి.