పేరు - దీవెన

శిశువునకు పేరిడుట దీవించుటయా, ముద్రవేయుటయా? ఇటలీ దేశపు పేర్లను పరిశీలించిన మాకీ ప్రశ్న కలిగినది. అచ్చట ఫెలీచె యన "సుఖి", లెతీత్సియ యన "ఆనందము". 1500 సంవత్సరమున ఫ్లారెన్సు నగరమున ఆడుబిడ్డకై యెదురుచూచిన యొక తండ్రి, కుమారుడు పుట్టగా "బెన్వెనూతో" యని పేరిడెను; "సుస్వాగతము" అని దాని యర్థము. ఆ శిశువే ప్రసిద్ధశిల్పి చెల్లీని.

నేపుల్సు అనాథాలయమున విడువబడిన శిశువులకో, "ఎస్పొజితో" యను నింటిపేరు తగిలించిరి. అనగా "బయట విడువబడినవాడు". విడిచిన చేయి మరుగుపడెను. బిడ్డయు, వాని మనుమలును ఆ ముద్రను మోసిరి. దోష మొకరిది, శిక్ష యింకొకరికా? సిగ్గుచేటగు పేరు బిడ్డకు పెట్టరాదని 2000 సంవత్సరపు ఇటలీ శాసనము చెప్పుచున్నది. శాసనము అవమానమును ఆపగలదు. స్వాగతము పలుకవలసినవారము మనమే.