మిషను పట్టేవాణ్ణి అడుగు

అబ్బాయీ,

నువ్వు ఫోనులో పంపిన కొటేషన్ చూశాను. లాన్ల పని మళ్ళీ మొదలుపెడుతున్నావని చెబితే మీ పెద్దమ్మ ఎంత సంతోషించిందో! ఒకసారి మూసేసిన పనిని అదే ఊళ్ళో, అదే జనం మధ్య తిరిగి తెరవాలంటే గుండె నిబ్బరం కావాలి. అది నీకుంది. అందుకే నాలుగు దీవెనలు రాసి సరిపెట్టకుండా, ఆ కొటేషన్‌లోని సామాను గురించి నాకు తోచింది దాపరికం లేకుండా రాస్తున్నాను. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఫ్యాక్టరీ టౌన్‌షిప్ తోటల్లో ఉద్యోగం చేశాను. ఇప్పుడుంటున్నదీ కడియం నర్సరీల మధ్యే. మీ హైదరాబాద్ విల్లాల్లో పరిచే గడ్డి పలకలు ఇక్కణ్ణించీ లారీలెక్కుతాయి. ఆ చనువుతో చెబుతున్నాను, విను.

మొదటి వరుసలోనే రైడ్-ఆన్ మోవర్ వేశావు. కూర్చుని నడిపేది, 42 అంగుళాల కోత, సగం డబ్బు వాయిదాల మీద. దాన్ని కొట్టెయ్యి నాయనా. నీ చేతిలో ఇప్పుడున్నవి కొన్ని విల్లాలు, ఒక చిన్న స్కూలు. నువ్వు రాసిన కొలతలన్నీ కూడితే లాన్ అరెకరం దాటడం లేదు, అంటే సుమారు 2,000 చదరపు మీటర్లు. 18 అంగుళాల తోపుడు మోవర్ పట్టుకుని మనిషి మామూలుగా నడిస్తే, మలుపులు, సంచి దులుపుకోవడాలు, ఒక చాలు మీదికి ఇంకో చాలు ఎక్కడాలు అన్నీ పోను గంటకు 800 చదరపు మీటర్లు అవుతుంది. మొత్తం కోత రెండున్నర గంటల పని. ఒక విల్లా నుంచి ఇంకో విల్లాకు సామాను చేర్చడానికే అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది నీకు. పైగా 42 అంగుళాలంటే మీటరు పైమాటే. విల్లా పక్క సందు చాలాచోట్ల మీటరుకు మించదు. వెనకవైపు లాన్‌కి ఆ బండి వెళ్ళనే వెళ్ళదు.

కిందటిసారి నీ చెయ్యి కాలింది గడ్డితో కాదు, వాయిదాలతో. రిసార్టు కాంట్రాక్టు పోయింది, దాని కోసం కొన్న బండి వాయిదా మాత్రం పోలేదు. మన పని ఏడాది పొడుగునా ఒకే తీరున ఉండదు కదా. జూన్ నుంచి అక్టోబరు దాకా గడ్డి వారం వారం కోత అడుగుతుంది. చలికాలంలో మందగిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళకు కటకట వస్తే ఇంటివాళ్ళు ముందుగా నీళ్ళు ఆపేది లాన్‌కే, దాంతో నీ బిల్లూ ఆగుతుంది. పన్నెండు నెలలూ కట్టాల్సిన బాకీని అయిదు నెలల రాబడి మీద పెట్టుకోవద్దు.

ఆ రైడ్-ఆన్‌కు పెట్టే డబ్బులో కొంతతోనే రెండు మామూలు రోటరీ మోవర్లు వస్తాయి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే మోడలు తీసుకో. ముసురులో ఒకటి ఆగిపోయిందంటే రెండోదానితో పని నడుస్తుంది. ఒకే బ్లేడు, ఒకే ఫిల్టరు, ఒకే స్టార్టర్ తాడు రెండింటికీ పనికొస్తాయి. కొటేషన్‌లో కింద రాసిన రీల్ మోవర్ ఇప్పుడు వద్దు. 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన మిల్లులో బట్ట మీది నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి మొదటి గడ్డి కోత మిషను తయారుచేశాడు. అది రీల్ పద్ధతిదే. కత్తెరలాగా కోస్తుంది. కోసిన లాన్ నిజంగా కన్నులపండుగగా ఉంటుంది, కాదనను. కానీ దానికి నేల పలకలా చదునుగా ఉండాలి, గడ్డి పెరగనివ్వకుండా కోస్తూ ఉండాలి, చిన్న గులకరాయి తగిలినా బ్లేడు నొక్కుకుపోతుంది. బిల్డరు వదిలిపోయిన కంకర ఇంకా తేలుతూనే ఉన్న మీ విల్లాల్లో అది బతకదు.

ఏ మిషను కొన్నా దాని బ్లేడు సంగతి నీకు తెలిసి ఉండాలి. కోసిన మర్నాడు పొద్దున్నే లాన్‌లో గొంతుక్కూర్చుని గడ్డి కొసలు చూడు. పదునున్న బ్లేడైతే కొస నున్నగా, పచ్చగా ఉంటుంది. మొద్దుబారిందైతే కొస పీలికలై, తెల్లబడి, రెండు రోజుల్లో లాన్ మొత్తం మీద గోధుమరంగు మసక కమ్ముతుంది. ఇంటావిడ అది చూసి, ఎరువు వెయ్యలేదనుకుంటుంది. బ్లేడును ఆకురాయితో సానపట్టాక మధ్య కన్నంలో మేకు దూర్చి వేలాడదియ్యి. ఏ పక్క కిందికి వాలితే ఆ పక్క బరువుందన్నమాట, ఇంకాస్త అరగదియ్యి. ఆ తూకం తప్పితే మిషను అదిరి అదిరి లోపలి షాఫ్టు పాడవుతుంది, పిడి పట్టినవాడి మోచేతులు గుంజుతాయి. కోతలో మూడోవంతు లెక్క కూడా మరవకు. ఒకటిన్నర అంగుళం ఉంచాలనుకుంటే రెండుంపావు అంగుళాలు పెరిగేసరికి కొయ్యాలి. మోకాలెత్తు పెరిగాక ఒక్కసారే గొరిగేస్తే ఎంత ఖరీదు మిషనైనా లాన్‌ను కాపాడలేదు.

ఇక బ్రష్ కట్టర్లు. రెండు రాశావు, రెండూ అన్నిటికన్నా చవకవి. డబ్బు ఎక్కడైనా తగ్గించుకో గానీ ఇక్కడ వద్దు. మోవర్‌ను నేల మోస్తుంది, బ్రష్ కట్టర్‌ను మనిషి మోస్తాడు. ఏడెనిమిది కిలోల బరువు భుజాన వేలాడుతూ ఉంటుంది, ఇంజిను చప్పుడు చెవి పక్కన 90 డెసిబెల్స్ దాటి మోగుతుంది, అదురు రెండు అరచేతుల్లోకీ పాకుతుంది. నాసిరకం మిషనుతో రోజంతా పనిచేసిన కుర్రాడికి రాత్రి అన్నం ముద్ద కలుపుకుంటే వేళ్ళకు స్పర్శ తెలియదు. ఏళ్ళ తరబడి అలాగే సాగితే ఆ తిమ్మిరి పోదు. మా టౌన్‌షిప్ తోటల్లో అలాంటి చేతులు చూసినవాణ్ణి కాబట్టే ఇంత గట్టిగా రాస్తున్నాను. వీపుకూ భుజానికీ సమంగా బరువు పంచే పట్టీ, అదురు తగ్గించే రబ్బరు బుష్షులు ఉన్నది చూసి తీసుకో. కళ్ళద్దాలు, చెవులకు మఫ్, కాళ్ళకు గార్డు, మంచి బూట్లు కూడా మిషను ఖరీదులో భాగమనే లెక్కవెయ్యి. నీ కొటేషన్‌లో ఇవి ఒక్కటీ లేవు.

బ్రష్ కట్టర్ కింద ఉండే ప్లాస్టిక్ గార్డును మన కుర్రాళ్ళు అడ్డమని పీకేస్తారు. పీకనివ్వకు. రాళ్ళు కాళ్ళ మీదికి రాకుండా ఆపేదీ అదే, అంచున ఉన్న చిన్న బ్లేడుతో నైలాన్ దారాన్ని సరైన పొడవుకు కత్తిరించేదీ అదే. అది లేకపోతే దారం పొడుగై, ఇంజిను మీద భారం పడి వేడెక్కిపోతుంది. విల్లాల్లో ఇనప బ్లేడు అసలు వాడొద్దు, దారమే వాడించు. దారంతోనైనా సరే, చుట్టూ 15 మీటర్లలో ఎవరూ ఉండకూడదు. సాయంత్రం పిల్లలు ఆడుకునే వేళకు ఆ పని పెట్టుకోవద్దు. కారు అద్దం పగిలితే డబ్బు కట్టొచ్చు, పసివాడి కన్ను పోతే ఏం కడతావు?

టూ స్ట్రోకు తీసుకుంటే రెండూ టూ స్ట్రోకే తీసుకో. ఒకటి టూ స్ట్రోకు, ఒకటి ఫోర్ స్ట్రోకు పెట్టుకున్నావంటే ఏదో ఒకరోజు ఆయిలు కలపని పెట్రోలు టూ స్ట్రోకుదానిలో పోస్తారు, పిస్టన్ పట్టేస్తుంది. మంచి రకాలకు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిలు, చవకరకాల్లో చాలావాటికి ఇంకా ఎక్కువ కావాలి. దాని పుస్తకంలో ఏముంటే అదే డబ్బా మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి పెట్టు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. వారం పది రోజులు మిషను ముట్టుకోబోమనుకుంటే ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపి పక్కన పెట్టమను. స్టార్టర్ తాడు లాగి లాగి చేతులు పడిపోయే పొద్దుటి గోల సగం తగ్గుతుంది.

బ్యాటరీ హెడ్జ్ కట్టర్ రాశావు, అది ఉంచు, దాని చప్పుడు తక్కువ. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్ దాటకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది. పొద్దున్న ఏడింటికే పెట్రోలు మిషను మోగిస్తే అసోసియేషన్ వాళ్ళు ఊరుకోరు, ఊరుకోకపోవడం న్యాయం కూడా. బ్లోయర్ మాత్రం తీసెయ్యి. రెండు వెదురు దంతెలు, నాలుగు కొబ్బరి చీపుళ్ళు చాలు. కలుపు తీసే చిన్న గునపాలు మాత్రం మంచివి కొను. తుంగను ఏ మోవరూ చంపలేదు. పైన కోస్తే కింద గడ్డ నవ్వుతూ ఇంకో మొలక వేస్తుంది. గడ్డతో సహా తవ్వాల్సిందే. తుంగ గింజలు పట్టుకున్న మోవర్‌ను కడగకుండా పక్కింటికి తీసుకెళ్ళకు, ఆ ఇంటివాళ్ళకు మనం చేతులారా తుంగ నాటినట్టవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. కిందటిసారి పని ఆగినప్పుడు నీ దగ్గర పనిచేసిన శ్రీకాకుళం కుర్రాళ్ళిద్దరికీ జీతం బాకీ పడ్డావని మీ అమ్మ చెప్పింది. నీ దగ్గర లేక ఇవ్వలేదు, నాకు తెలుసు. ఇప్పుడు మిషన్లకు డబ్బు సమకూరింది కాబట్టి, దానిలోంచి మొదటి రూపాయి వాళ్ళకు చేరాలి. రైడ్-ఆన్ కొట్టేస్తే మిగిలేదానితో ఆ బాకీ తీరుతుంది. వాళ్ళు తిరిగి నీ దగ్గర పనికి వస్తారా రారా అన్నది వేరే సంగతి, బాకీ బాకీయే. ఫోనులో వెయ్యొద్దు, ఎదురుగా వెళ్ళి చేతికివ్వు, ఆలస్యమైందని ఒక మాట చెప్పు.

వాళ్ళు వస్తామంటే మిషను కొనేటప్పుడు కూడా తీసుకెళ్ళు. రాణీగంజ్‌లో సేల్స్ కుర్రాడు చెప్పేది విను, కానీ నిర్ణయం వాళ్ళ మాట మీద తీసుకో. కట్టర్‌ను భుజానికి తగిలించి పావుగంట అటూ ఇటూ తిరగమను. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు తాడు లాగి చూడమను. పట్టీ ఎక్కడ కోస్తోందో, పిడి ఎత్తు సరిపోతోందో లేదో వాళ్ళకు తెలిసినంతగా నీకూ నాకూ తెలియదు. ఆ తర్వాత దుకాణం వెనక రిపేరు చేసే మెకానిక్ దగ్గరికి నువ్వు వెళ్ళు. కార్బొరేటర్ కిట్టు, స్టార్టర్ స్ప్రింగు, ఎయిర్ ఫిల్టరు ఇప్పుడు స్టాకులో ఉన్నాయా, తీసి చూపించమను. తెప్పిస్తామంటే ఆ కంపెనీది వద్దు.

మృగశిర కార్తె లోపల ఇదంతా తెములుకోవాలి. కొటేషన్ మార్చి రాయించి నాకు పంపు, దాని కింద ఆ ఇద్దరికీ ఇచ్చిన మొత్తం కూడా రాయి. అది పోగా రెండో మోవర్‌కు ఎంత తక్కువ పడితే అంత నేను సర్దుతాను. వడ్డీ లేదు, వానాకాలం బిల్లులు వచ్చాక ఇద్దువు గాని. మీ పెద్దమ్మకు కూడా ఈ మాట చెప్పాను, సరేనంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న