కానరాని విద్యార్థి

ఉపాధ్యాయుడు తరగతిలో నిలిచి బోధించునపుడు అతనికి తోడ్పడునది విద్యార్థి ముఖము. వెనుక వరుసలోని పిల్లవాడు కన్నులు చికిలించినచో నల్లబల్లపై అక్షరము చిన్నదైనదని తెలియును. ఒక బాలిక బిక్కమొగము వేసినచో మాట అందలేదని తెలియును. అతడు వెంటనే సవరించుకొనును. దీనిని మనము నేర్పు అందుము గాని, అందులో సగము ఆ ముఖముల చలవయే.

వెబ్‌పేజీకి ఈ సహాయము లేదు. నేడు ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్నవారు రేపు పాఠమును తెరపై ఉంచవలసినవారు. దానిని ఎవరు, ఎట్టి ఫోనులో, ఎట్టి చూపుతో చదువుదురో వారెరుగరు. కానరాని ఆ విద్యార్థి పట్ల వారికి బాధ్యత కలదా? కలదన్నచో ఎంతవరకు? మేము విచారింపదలచినది ఇదియే.

పాఠము చెప్పుట ఉపాధ్యాయుని పని, పేజీని తీర్చుట సాంకేతికుల పని అని కొందరందురు. అందు కొంత న్యాయము లేకపోలేదు; అయ్యవారిపై ఇప్పటికే మోయలేని బరువున్నది. అయినను ఒక ఉదాహరణము చూడుడు. తెలుగు పద్యమును సొగసైన అక్షరములతో కూర్చి, బొమ్మగా మార్చి పేజీలో అతికించుట మనలో పరిపాటి. కంటికి అది పద్యమే. యంత్రమునకు మాత్రము అది చెట్టు బొమ్మతో సమానము. చూపులేనివారికి తెరపై వ్రాతను చదివి వినిపించు స్క్రీన్ రీడరు అచ్చట మూగవోవును. బొమ్మలోని అక్షరములను పోల్చు సాధనములు ఉన్నవి గాని, ఒత్తులు గల మన లిపిలో అవి తరచు తడబడును. యూనికోడులో తెలుగునకు 1991 నుండియు స్థానమున్నది. అక్షరమును అక్షరముగనే ఉంచుటకు అడ్డేమియు లేదు. ఐనను బొమ్మనే అతికించితిమన్నచో మన సౌకర్యము కొరకు ఒకరికి తలుపు మూసితిమన్నమాట. మూసినవానికి ఆ సంగతి తెలియను కూడ తెలియదు. తరగతిలోనైనచో ముఖము చెప్పెడిది.

కావున పేజీని తీర్చు నియమములను మేము వట్టి అలంకారముగా తలపము. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియము 1999లో ప్రకటించి, 2008లోను, 2018లోను, 2023లోను విస్తరించిన సూత్రములు ఆ లేని ముఖమునకు బదులు నిలుచునవి. వ్రాతకును దాని వెనుక రంగునకును కాంతిభేదము కనీసము 4.5కు 1 ఉండవలెనని అవి చెప్పును. తెలుపుపై నలుపునకు అది 21కి 1. లేత బూడిదరంగు అక్షరములు నాజూకుగా తోచవచ్చును, ఎండలో ఫోను పట్టిన అవ్వకు అవి కనబడవు. తప్పొప్పులను ఎరుపు పచ్చలతో మాత్రమే సూచింపరాదు, ఆ రెంటి భేదము పోల్చలేని పిల్లలు ఉందురు గనుక.

ఈ సూత్రములు చాలవరకు ఇంగ్లీషు లిపి నడుమ పుట్టినవి. ‘రాష్ట్రీయ’ వంటి మాటకు క్రింద ఒత్తులు, పైన గుడి వలసియుండగా, ఇంగ్లీషు కొలతతో వరుసలు పేర్చినచో పై వరుస ఒత్తు క్రింది వరుస నెత్తిన కూర్చుండును. పేజీలోని భాష తెలుగు అని లోపల గుర్తు పెట్టనిచో చదువు గొంతు ఇంగ్లీషు యాసలో తికమకపడవచ్చును. ఈ చిన్న పనులు మనవారు గాక మరెవరు చేయుదురు?

మన కుటుంబములలో ఇది మరింత సూటిగా తగులును. ఇంట తెలుగు మాటాడుచు, బడిలో కన్నడమో, ఒడియాయో, మరాఠీయో చదువు పిల్లలకు తెలుగు చెవికి చుట్టము, కంటికి పరాయిది. 2006 నాటి చట్టము తమిళనాట బడులలో తమిళమును క్రమముగా తప్పనిసరి చేసిన పిమ్మట హోసూరు వంటి చోట్ల ఈ చింత పెరిగినది. ఇట్టి పిల్ల ఫోనులో పాఠము తెరచి, చదివి వినిపించుమని కోరి, వినిపించుచున్న మాటను కంటితో వెంబడించుచు అక్షరము పట్టుకొనగలదు. పాఠము బొమ్మయైనచో ఆ దారియు మూతపడును. చూపులేనివారికై ఏర్పడిన నియమము మన పిల్లల అక్షరాభ్యాసమునకు అక్కరకు వచ్చుచున్నది.

ఇక బాధ్యతకు హద్దేది? ప్రపంచములోని ప్రతి ఫోనును ముందే పరీక్షింపుమనుట అన్యాయము. తెలిసియు, చేయగలిగియు మానుట మాత్రము దోషమేనని మా అభిప్రాయము. నియమములన్నియు నెరవేరియు పాఠము అర్థము కాని పేజీలు ఉండును. ముఖమునకు బదులు ముఖము కాదు. శిక్షణ కళాశాలలు ఇందుకొక పూట కేటాయింపవచ్చును. అభ్యర్థి తాను వ్రాసిన పేజీని ఒక పిల్లవాని చేతికిచ్చి, పెదవి విప్పక ప్రక్కన కూర్చుండి, వాని వ్రేలు ఎచ్చట ఆగునో చూడవలెను. పిమ్మట తాను కన్నులు మూసికొని స్క్రీన్ రీడరుతో అదే పేజీని వినవలెను. ఖర్చు కూడ లేదు; ఎన్.వి.డి.ఏ. వంటివి ఉచితముగనే లభించుచున్నవి.