విశ్రాంతి ఎవరి హక్కు?

గత ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక ఒక మిత్రునితో వికారాబాదు పక్కనున్న అనంతగిరి కొండలకు వెళ్లాను. మూసీనది పుట్టిన ఆ అడవిలో తిరిగి, సాయంత్రం కోట్‌పల్లి ప్రాజెక్టు గట్టున కూర్చున్నాం. అతనికి తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ ఉంది. ఇంతలో ఫోన్ వచ్చింది. కూలీలు లారీకి లోడు ఎత్తుతున్నారట.

"ఆదివారం కూడానా?" అన్నాను.

"నేను బలవంతపెట్టలేదు. రోజుకూలి పోతుందని వాళ్లే వచ్చారు" అన్నాడు.

అది నిజమే కావచ్చు. న్యాయమేనా?

విశ్రాంతి తప్పు కాదు. అలసిన శిష్యులను ప్రభువే గలిలయ సరస్సు మీద పడవలో ఏకాంత స్థలానికి తీసుకువెళ్లారు (మార్కు 6). అయితే ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయం విశ్రాంతి దినాన్ని యజమానికే గాక దాసదాసీలకూ, పశువులకూ ఇచ్చింది. 13వ లియో పోపుగారు 1891లో వ్రాసిన 'రేరుమ్ నోవారుమ్' విశ్వలేఖలో, రాతిగనుల్లో శ్రమించేవారికి పనిగంటలు తగ్గించాలన్నారు. గతిలేక కార్మికుడు ఒప్పుకున్నా అన్యాయం అన్యాయమేనన్నారు.

ఆదివారం మానితే సోమవారం పొయ్యి వెలగనివానికి 'నీ ఇష్టం' అనడం సెలవు ఇవ్వడం కాదు. కూలి కోయని సెలవే సెలవు.

ఈ మాట మిత్రునితో అనబోయి ఆగాను. ఆ ఉదయం మా ఇంట్లో గిన్నెలు తోమిన అమ్మ గుర్తుకువచ్చింది. ఆమెకూ ఆదివారం లేదు. ముందుగా నా తప్పే ఒప్పుకున్నాను. ఇకపై ఆదివారం గిన్నెలు మేమే తోముకుంటాం. ఆమె జీతం తగ్గదు. మిత్రుడు ఆలోచిస్తానన్నాడు.

ప్రియ పాఠకులారా, మన విశ్రాంతి కోసం ఆదివారాన్ని కోల్పోతున్నది ఎవరు?