మూడోసారి అనేలోపు

కురిచేడు మీదుగా సాగే గుంటూరు–నంద్యాల రైలు మార్గం ఒకప్పుడు ఈ మెట్ట ప్రాంతానికి బయటి లోకాన్ని తెచ్చిపెట్టింది. తర్వాత ఆ దారినే పిల్లలు బయటికి వెళ్ళారు. సాగర్ కాలువ నీళ్ళు అందిన ఇంటి పిల్లలూ వెళ్ళారు, వానకోసం మొగులు చూసే ఇంటి పిల్లలూ వెళ్ళారు. గుంటూరు, హైదరాబాదు, బెంగళూరు, ఆపైన అమెరికా. కన్నవాళ్ళు ఉన్నన్నాళ్ళూ ఆ ఇళ్ళు సంక్రాంతికి తెరుచుకుంటాయి. వాళ్ళూ పోయాక, పెద్దకర్మ ముగిసిన మర్నాడో, సంవత్సరీకం అయ్యాకో, వసారాలో కూర్చున్న తోబుట్టువుల మధ్యకు ఒక ప్రశ్న వస్తుంది: ఇంట్లో సామాన్లు ఏం చేద్దాం?

కంభంలో అయినా, గిద్దలూరులో అయినా, దొనకొండలో అయినా ఈ ప్రశ్నకు తడుముకోని ఇల్లు అరుదు. పొలం పంచుకోవడానికి ఒక పద్ధతుంది. సర్వేయరు వస్తాడు, పెద్దమనుషులు కూర్చుంటారు, రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు అవుతాయి. బంగారానికి కాటా ఉంది. అటక మీది సామానుకు మాత్రం ఏ పద్ధతీ లేదు. ఇత్తడి గంగాళం, రాగి కాగు, కంచు గిన్నెలు, మరచెంబులు, గింజలు కొలిచిన మానిక, తవ్వ, సోల, నవారు మంచం, నాన్న పడక్కుర్చీ, నలుగురు కలిసినా కదలని భోషాణం, కొయ్య చట్రం బిగించిన ఒక మార్కాపురం పలక. “గంగాళం నాకొద్దులే అన్నా, అపార్ట్‌మెంట్లో ఎక్కడ పెట్టుకుంటాం” అంటుంది చెల్లెలు. ఆమె మాటలో అబద్ధం లేదు. పెట్టిన సెలవు అయిపోతుంది, రైలుకు వేళవుతుంది. చివరికి పాత ఇత్తడి కొనే అతనికి కబురు వెళ్తుంది.

అతనిదీ నిజాయితీ గల బతుకుతెరువే. ఇత్తడికి ఒక రేటు, రాగికి ఒక రేటు, ఇనుముకు ఒక రేటు. తూకం వేస్తాడు, డబ్బు లెక్కపెట్టి ఇస్తాడు. కానీ బిందె అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కించిన పేరు ఏ తూకానికీ రాదు. పెళ్ళినాడు పుట్టింటివారు సారెలో పెట్టిన బిందె మీద ఇచ్చినవారి పేరు, తేదీ చెక్కించడం మన ఇళ్ళల్లో తరాల అలవాటు. ఏ పుస్తకంలోకీ ఎక్కని ఆడవాళ్ళ పేర్లు ఎన్నో అలా పాత్రల అంచుల మీదే మిగిలాయి. ఆ పేరు పైకి చదవకుండానే బిందె కాటా ఎక్కుతుంది. ఇంటి సామాను అమ్ముడుపోవడం నాకు తప్పుగా తోచదు. ఎవరూ ఒకసారి తేరిపార చూడకుండా, ఎవరికీ చెప్పకుండా, తొందరలో పోవడమే బాధ.

పడమటి దేశాల్లో ఇలాంటి సమయంలో వేలం సంస్థను పిలుస్తారు. ఇంటి పెద్ద పోయినా, పెద్ద ఇల్లు వదిలి చిన్న ఇంటికి మారుతున్నా, సంస్థ మనిషి వచ్చి గది గదీ తిరిగి జాబితా రాస్తాడు. ఏ వస్తువు ఎంత పలకవచ్చో అంచనా కడతాడు. ఇంతకు తగ్గితే అమ్మవద్దని సొంతదారు ఒక కనీస ధర చెప్పుకోవచ్చు. పాటకు ముందు సామానంతా జనం చూడటానికి పెడతారు. అమ్మకం అయ్యాక సంస్థ తన కమీషను పట్టుకుని మిగతాది ఇంటివారికి ఇస్తుంది. మన దేశంలోనూ కలకత్తా రసెల్ స్ట్రీట్‌లో 1940లో మొదలైన రసెల్ ఎక్స్ఛేంజ్ ఇలాంటిదే. దొరల ఇళ్ళ బల్లలూ గడియారాలూ అక్కడ పాటకు వచ్చి కొత్త ఇళ్ళు చేరాయి.

కురిచేడులో వేలం అన్న మాట అంటే వినేవారి ముఖం మారుతుంది. ఇంటి సామాను వేలం అంటే మన మనసుకు తోచేది అప్పు, జప్తు, వీధిన పడ్డ పరువు. కరువు కాటకాలు చూసిన నేలకు ఆ భయం ఊరికే రాలేదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం కోర్టు జప్తు చేసిన ఆస్తి అమ్మకాన్ని ఆ చోటనే దండోరా వేయించి గానీ, అక్కడ వాడుకలో ఉన్న మరో తీరున గానీ చాటించాలి. ఇంటి ముందు డప్పు మోగితే ఆ ఇంటి ఆడపిల్లలకు సంబంధాలు రావేమోనని కుమిలిన తల్లులు ఉన్నారు.

అదే చట్టంలో 60వ సెక్షన్ ఉంది. అప్పు ఎంతదైనా జప్తు చేయకూడనివి ఏమిటో అందులో ఉంది. ఒంటికి అవసరమైన బట్టలు, వంట పాత్రలు, మంచాలు, పరుపులు. మతాచారం ప్రకారం స్త్రీ తీసివేయకూడని నగలు. చేతిపని వారి పనిముట్లు. రైతు అయితే సేద్యపు పనిముట్లు, బతుకు సాగడానికి అవసరమైన పశువులు, విత్తనాలు. అప్పు వసూలుకు రాసిన శాసనం కూడా ఇక్కడ ఆగింది. ఇవి తీసుకుంటే మనిషి మళ్ళీ లేవలేడని గుర్తించింది. వండుకునే గిన్నె, పడుకునే చాప, పనిచేసే చేతికి పనిముట్టు, రేపటికి విత్తనం. ఈ పట్టీ చదివినప్పుడల్లా నాకు ఇది అప్పులవాడి కోసమే రాసినట్టు అనిపించదు. నా ఇంట్లో ఉన్నవాటిలో ఈ పట్టీలోకి వచ్చేవి ఎన్ని, రానివి ఎన్ని అని ప్రతి మనిషీ తనను తాను అడిగి చూసుకోవలసిన లెక్క ఇది. పట్టీలోకి రానివన్నీ వద్దని కాదు. అవి లేకున్నా బతుకు నిలుస్తుందని తెలిసుంటే, వాటిని పట్టుకునే పట్టు కొంచెం సడలుతుంది.

ఇక వేలం అనే పద్ధతిలోనే అవమానం ఉందా అంటే, లేదు. బాలాపూర్ గణపతి లడ్డూకు 1994లో 450 రూపాయలతో మొదలైన పాట 2024లో 30 లక్షల రూపాయలు దాటింది. పాడుకున్నవాడు దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగాడు. అమ్మవారికి కట్టిన చీరలు గుళ్ళల్లో వేలం వేస్తే ఆడవాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకుంటారు. పంచాయతీ చింతచెట్ల కాపుకూ, చెరువులో చేపలకూ పాట పెడితే ఎవరూ తలవంచుకోరు. పద్ధతి అన్నిచోట్లా ఒకటే. ఇష్టంతో ఇచ్చిన చోట అది పండుగ, బలవంతంగా లాక్కున్న చోట శోకం. కనుక మన వస్తువులను మనమే, మన మనసుతో, మన వేళకు వదులుకోగలిగితే వేలానికి అంటిన మైల పోతుంది.

అసలు ఏ వస్తువూ ఎవరి దగ్గరా శాశ్వతంగా ఉండదు. అందుకు మన విశాఖపట్నం చేతిపని కథ ఒకటి ఇక్కడ చెప్పాలి. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి పనివారు ఏనుగు దంతం తాపడం చేసిన కుర్చీలు, బల్లలు, పెట్టెలు చేసేవారు. కంపెనీ దొరలు వాటిని ఓడల్లో తమ దేశానికి పట్టుకెళ్ళారు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ అనే ఆయన ఇంట్లోనూ అలాంటి దంతపు కుర్చీలు ఉండేవి. 1781లో ఆయన సామాను లండన్ క్రిస్టీస్ సంస్థ వేలం వేసింది. మూడో జార్జి రాజు ఆ కుర్చీలు కొని రాణి షార్లెట్‌కు ఇచ్చాడు. రాణి 1818లో చనిపోయింది. మరుసటి ఏడాది ఆమె సామానూ అదే క్రిస్టీస్ పాటకు వచ్చింది. ఆ కుర్చీలు తిరిగి రాజకుటుంబానికే చేరి, నేటికీ వారి సంగ్రహంలో ఉన్నాయి.

గవర్నరు ఇంటికీ రాణి ఇంటికీ ఆఖరున వచ్చింది ఒకే పాట. వాళ్ళిద్దరూ ఆ కుర్చీలకు కొంతకాలం కాపలా ఉన్నారు, అంతే. ఆ దంతం మీద పూలతీగ చెక్కిన తెలుగు చేతుల పనితనం మాత్రం ఇంకా నిలిచి ఉంది. మన అటక మీది గంగాళానికీ మనం ఇలాంటి కాపలాదారులమే. మనకంటే ముందు ఒకరు తోమారు, మన తర్వాత ఇంకొకరు తోమాలి. తోమే చెయ్యి లేక చిలుం పట్టి పడి ఉండటం దాన్ని గౌరవించడం అవదు.

వేలం పాట నడిచే తీరులో నేర్చుకోవలసింది చాలా ఉంది. ముందుగా అందరికీ చెప్పాలి. కోర్టు వేలానికి కూడా, బాకీదారు రాసి ఒప్పుకుంటే తప్ప, చరాస్తికి కనీసం ఏడు రోజులు, స్థిరాస్తికి పదిహేను రోజులు గడువివ్వాలని చట్టం. వస్తువును వెలుతురులో పెట్టి అందరికీ చూపాలి. అందరి ముందూ పాడాలి. చివరికి ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని ఆగి ఆగి పిలవాలి. 1930 నాటి సరకుల విక్రయ చట్టం ప్రకారం సుత్తి పడేదాకా, లేదా వాడుకలో ఉన్న మరో గుర్తుతో పాట ముగిసేదాకా, పాడినవాడు తన మాట వెనక్కి తీసుకోవచ్చు. ఎంత మర్యాద ఉంది ఈ ఏర్పాటులో! మనసు మార్చుకోవడానికి వేళ ఇచ్చారు, చాటుమాటు లేకుండా చేశారు, ఆ పైన గట్టిగా ముగించారు. ముగిశాక మళ్ళీ తవ్వుకునే పని లేదు.

ఇంట్లో పంపకాలకూ ఇదే చాలు. ఒక రోజు కేటాయించుకుని సామానంతా వసారాలోకి తెచ్చి తుడిచి పెట్టండి. బిందెల మీద పేర్లు పైకి చదవండి, పిల్లలు వినేలా. ఫోటో తీసి, ఎవరి పెళ్ళికి ఎవరు పెట్టారో కింద రాయండి. ఒకే వస్తువును ఇద్దరు కోరితే ఇంట్లోవాళ్ళ మధ్యే పాట పెట్టుకోవడం మన పల్లెల్లో కొత్తేమీ కాదు. పాడుకున్నవారు కట్టిన డబ్బు మిగతావారి వాటాలో కలుస్తుంది. అక్కకు దక్కలేదన్న కొరత, తమ్ముడు కాజేశాడన్న మాట, రెండూ ఉండవు. పాటకు రాని పెద్ద గంగాళాలు గుడి అన్నదానానికో, ఊళ్ళో పెళ్ళి సామాన్లు అద్దెకిచ్చేవారికో ఇవ్వవచ్చు. అక్కడ అవి మళ్ళీ పొయ్యి ఎక్కుతాయి.

కొన్నింటి విషయంలో చట్టం కూడా తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన విగ్రహాలు, లోహపు పనితనం, కళాఖండాలు పురావస్తువులవుతాయి. విలువైన రాతప్రతులకైతే 75 ఏళ్ళు చాలు. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు, అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి. దేవుడి గూట్లో తాతల నాటి తాళపత్రాల కట్ట ఉంటే పాత కాగితాలతో కలిపి వేయకండి. తిరుపతిలో ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది. పాత పుస్తకాలకైతే వేటపాలెంలో 1918 నుంచి నడుస్తున్న సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలున్నాయి. ముందు ఒక మాట అడిగి చూడండి.

ఇంతకంటే మేలైనది ఇంకొకటుంది. సొంతదారు బతికుండగానే ఇచ్చేయడం. అరవై దాటిన మనిషి ఏటా ఒక పెట్టె తెరిచి, “ఇది మీ నాయనమ్మ పుట్టింటి చెంబు, నువ్వు నీళ్ళు తాగమ్మా” అని మనవరాలి చేతిలో పెడితే, దానికి ఏ వేలంలోనూ రాని విలువ వస్తుంది. తీసుకున్న పిల్ల కళ్ళల్లో ఆనందాన్ని ఇచ్చినవారు కూడా చూస్తారు. మార్కాపురం రాతిపలక సంగతీ అంతే. ఒకప్పుడు ఆ పలకలు దేశమంతటి బడులకూ వెళ్ళాయి. అటక మీద పడి ఉంటే అదొక రాతిముక్క. దాని మీద తాత మనవడి చేత అ, ఆలు దిద్దిస్తే అది ఇంకో తరానికి పలకే.

పోగుచేయడం మనకు చిన్నప్పుడే అలవాటవుతుంది. పద్ధతిగా వదులుకోవడం మాత్రం పనిగట్టుకుని నేర్చుకోవాలి. ఆలస్యం చేస్తే మన సామాను పాట మనకు తెలియనివారు, మన పేరు చదవనివారు పాడతారు. కనుక మీ ఇంట్లో ఒక పట్టీ రాయండి. బతకడానికి కావలసినవి ఉంచుకోండి. మిగిలిన ప్రతి వస్తువు ఎదుటా అది ఎవరి చేతికి వెళ్ళాలో రాయండి, దాని కథ వారికి మీ నోటితో చెప్పండి. ధర ఎవరైనా కట్టగలరు. ఆ కథ చెప్పగలిగేది మీరొక్కరే, అదీ మీరున్నన్నాళ్ళే.