ఇల్లు వదిలినవాళ్లు, భయం వదలని నేను

అమెరికాలో అరిజోనా ఎడారిలో క్వార్ట్జ్‌సైట్ అని చిన్న ఊరుంది. చలికాలం రాగానే వేలమంది మోటార్‌హోమ్‌లు, వ్యాన్లు వేసుకుని అక్కడికి చేరతారు. వాళ్లలో ఏడాదంతా ఒంటరిగా బండిలోనే బతికే ఆడవాళ్లూ ఉన్నారు. అక్కడి ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల 14 రోజులు ఉచితంగా ఉండొచ్చు, తర్వాత బండి కదలాల్సిందే.

2020లో వచ్చిన 'నోమాడ్‌ల్యాండ్' సినిమాలో వాళ్ల బతుకు చూసి, "ఇదే కదా వైరాగ్యం!" అనుకున్నాను. మన సన్యాసులు కూడా చాతుర్మాస్యంలో తప్ప ఒకచోట నిలవరు కదా. తీరా చదివితే, వాళ్లలో చాలామంది అద్దె కట్టలేక బండెక్కినవాళ్లు. మరి గతిలేక వదిలింది వైరాగ్యమేనా? ఇల్లు ఎలా పోయినా, దాంతోపాటు భయం కూడా పోతేనే వైరాగ్యం అని నాకనిపించింది.

ఈ మాటే అమ్మతో గొప్పగా చెప్పాను. అమ్మ నవ్వి, "మరి నేనొక్కదాన్నే శ్రీశైలం వెళ్తానంటే వద్దన్నావేంట్రా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. 12వ శతాబ్దంలో అక్కమహాదేవి అన్నీ వదిలి చేరింది ఆ శ్రీశైలానికే. ఆమెకి దండం పెడతాను, అమ్మకి మాత్రం తోడుండాలంటాను. భయం అమ్మది కాదు, నాది. ముందు వదలాల్సింది నేనే.

మీ ఇంట్లో ఎవరి భయం ఎవర్ని ఆపుతోంది? ఒక్కసారి ఆలోచించండి. ఓం నమః శివాయ.